నోటి మాట కౌలు

2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల తొలి దశ పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు, ప్రధాని నరేంద్ర మోదీ ఏడుగురు యువ గేమర్లతో ముచ్చటించిన వీడియో విడుదలైంది. ప్రధాని వారితో కలిసి కొన్ని ఆటలు ఆడారు. గేమింగ్‌కూ జూదానికీ తేడా ఏమిటన్నది మాట్లాడారు. ఈ రంగంలో ఆడపిల్లలకు దక్కుతున్న చోటు గురించి అడిగారు. తొలిసారి ఓటు వేయబోతున్న తరాన్ని పలకరించడానికి అంతకంటే మంచి వేదిక దొరకదని రాజకీయ పరిశీలకులు లెక్కలు వేశారు. ఆ లెక్క నిజమే. కాకపోతే ఆ వేదిక కింద ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడుగురిలో ఎక్కువ మందికి పేరు తెచ్చింది ఆట ఒక్కటే కాదు, ఆడుతూ చూపించడం. తెర మీద కదిలే బొమ్మను రికార్డు చేసి, దానికి తమ గొంతు కలిపి, నవ్వించి, విసుక్కుని, విశ్లేషించి వారు లక్షలాది ప్రేక్షకులను సంపాదించుకున్నారు. గొంతు వారిది, చమత్కారం వారిది, శ్రమ వారిది. తెర మీద కదిలిన బొమ్మ మాత్రం చట్టం దృష్టిలో వారిది కాదు. దాన్ని లోకానికి చూపించడానికి ఇంకొకరి అనుమతి కావాలి. ఆ అనుమతి ఉన్నంత కాలమే ఆ వృత్తి ఉంటుంది. వినోదానికి సంబంధించిన చిన్న విషయంలా కనిపించే ఈ అనుమతి వ్యవహారంలో మాట్లాడే హక్కు, విమర్శించే హక్కు, చివరికి అబద్ధాన్ని అబద్ధమని నిరూపించే హక్కు కూడా చిక్కుకుని ఉన్నాయి.

భారత కాపీరైట్ చట్టం 1957 నాటిది. అప్పటికి వీడియో గేమ్ అనే వస్తువు జనజీవితంలో లేదు. అందుకే ఈ చట్టంలో గేమ్‌కు ప్రత్యేకమైన గది లేదు. దాన్ని ముక్కలు చేసి ఉన్న గదుల్లోనే సర్దాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. గీసిన బొమ్మలు కళాకృతులు. నేపథ్య సంగీతం సంగీత రచన, దాని ధ్వనిముద్రణ మరో హక్కు. కదిలే దృశ్యాలు సినిమా నిర్వచనంలో ఇమిడిపోతాయి. ఏ మాధ్యమంలోనైనా, ఏ పద్ధతిలోనైనా నమోదైన కదిలే బొమ్మలన్నీ అందులోకి వచ్చేలా 2012 సవరణ ఆ నిర్వచనాన్ని విస్తరించింది. ఈ హక్కులన్నిటినీ కాపాడేది 14వ సెక్షన్. ప్రతులు తీయడం, ప్రజలకు చేరవేయడం హక్కుదారుకే సొంతమని అది చెబుతుంది. ఒక్క అరగంట ఆటను రికార్డు చేసి పెట్టినవారు తెలియకుండానే నాలుగైదు హక్కుల మీద కాలు వేసినట్టు.

మరి ఆడినవారి నైపుణ్యానికి విలువ లేదా అన్న వాదన కొత్తది కాదు. 1982లో, 1983లో అమెరికా అప్పీలు కోర్టుల ముందు ఇదే వాదన వచ్చింది. ఆడేవారి చేతిని బట్టి దృశ్యం ప్రతిసారీ మారుతుంది కాబట్టి అది గేమ్ తయారీదారుల స్థిరమైన రచన ఎలా అవుతుందని ప్రతివాదులు అడిగారు. కోర్టులు ఒప్పుకోలేదు. గేమ్ ఆడటమంటే టీవీలో చానెల్ మార్చడం వంటిదే తప్ప నవల రాయడం వంటిది కాదన్న తీరులో 1983 తీర్పు వివరించింది. నాలుగైదు బొమ్మలు అటూ ఇటూ కదిలే ఆనాటి యంత్రాలకు ఆ పోలిక సరిపోయింది. మైన్‌క్రాఫ్ట్‌లో దిమ్మె మీద దిమ్మె పేర్చి నగరాలు కట్టే పిల్లవాడి ముందు, ఒక నేరనగరపు ఆటలో స్నేహితులతో కలిసి నెలల తరబడి నాటకం నడిపే బృందం ముందు ఆ పోలిక నిలబడదు. అయినా ఆనాటి ఆలోచనే ఈనాటికీ పునాదిగా ఉంది.

హక్కు కంపెనీదైనప్పుడు మిగిలేది అనుమతి. ఆ అనుమతి ఎలా వచ్చింది, ఎలా మారింది అన్నది నింటెండో చరిత్ర చూస్తే చాలు. 2013లో ఆ జపాన్ సంస్థ తన ఆటలను చూపించే యూట్యూబ్ వీడియోల మీద హక్కు ప్రకటించి, ప్రకటనల ఆదాయాన్ని తన వైపు మళ్లించుకోవడం మొదలుపెట్టింది. నిరసన వచ్చింది. 2015లో ఒక పథకం తెచ్చింది. అందులో చేరినవారికి ఒక్కో వీడియో మీద అయితే 60 శాతం, మొత్తం చానెల్‌ను నమోదు చేస్తే 70 శాతం వాటా ఇస్తానన్నది. అసలు యూట్యూబ్ తన వాటా తీసుకున్నాక మిగిలినదాంట్లోనే ఈ పంపకం. 2018 చివరికి ఆ పథకాన్ని కూడా ఎత్తేసి, కొన్ని మార్గదర్శకాలు పాటిస్తే చాలు, వాటా అడగనన్నది. ఐదేళ్లలో మూడు విధానాలు. వాటిలో ఏదీ కోర్టు చెప్పింది కాదు, చట్టసభ చేసింది కాదు. ఇచ్చింది వారే, మార్చింది వారే.

2017లో అట్లస్ అనే మరో జపాన్ సంస్థ తన పెర్సోనా 5 ఆట విషయంలో ఇంకో అడుగు ముందుకు వేసింది. కథలోని జూలై 7వ తేదీ దాటిన భాగాన్ని ఎవరూ ప్రసారం చేయకూడదని, చేస్తే చానెల్‌కే ముప్పు రావచ్చని హెచ్చరించింది. గగ్గోలు పుట్టాక ఆ గీతను కథలోని నవంబరు 19 దాకా జరిపి, తమ స్వరం మరీ కరకుగా ఉందని ఒప్పుకుంది. గీత జరగడం సంతోషమే. గీత గీసే చేయి మాత్రం అక్కడే ఉంది. మైక్రోసాఫ్ట్, వాల్వ్ వంటి సంస్థలు తమ ఆటల దృశ్యాలను పంచుకోవడానికి ఉదారమైన నియమాలు రాసిపెట్టాయి. వాటి వల్లే ఈ రంగం ఇంతగా పెరిగింది. కానీ అవన్నీ తిరిగి తీసుకోగలిగిన అనుమతులే.

తెలుగు నేల మీద ఈ సంబంధానికి ఒక పాత పేరుంది. నోటి మాట కౌలు. పొలం ఆసామిది, దున్నేది వేరొకరు. పంట బాగుంటే ఇద్దరికీ మంచిదే కాబట్టి ఏళ్ల తరబడి ఏ గొడవా రాదు. కాగితం లేదు కాబట్టి అప్పు పుట్టదు, పంట నష్టపోతే పరిహారం రాదు, వచ్చే ఏడాది పొలం చేతిలో ఉంటుందన్న భరోసా ఉండదు. ఆ అవస్థ చూసే ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒకసారి, 2019లో మరోసారి కౌలు రైతుల కోసం చట్టాలు చేయాల్సి వచ్చింది. ఆ చట్టాలు ఎంత అమలయ్యాయన్నది వేరే కథ. ఆసామి మంచితనం మీద ఆధారపడిన బతుకుకు చట్టపు రక్షణ కావాలని అవి గుర్తించాయి, అంతవరకు గొప్పే. డిజిటల్ పొలం దున్నుతున్నవారికి ఆ గుర్తింపు కూడా ఇంకా రాలేదు.

ఈ కౌలుదారుకు ఆసామి ఒక్కరే ఉండరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. గేమ్ కంపెనీ చూపించుకోమన్నా, ఆ గేమ్‌లో వినిపించే పాట ఒక రికార్డింగ్ సంస్థది కావచ్చు. ఆ సంస్థ ఎవరికీ అనుమతి ఇచ్చి ఉండదు. యూట్యూబ్‌లోని గుర్తింపు యంత్రం పాటను పసిగట్టి ఆదాయాన్ని పాట సొంతదారుకు పంపిస్తుంది. ఈ చిక్కు తెలిసే 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 తయారీదారులు చిక్కు తెచ్చే కొన్ని పాటలను ఆపేసే మీట ఒకటి ఆటలోనే పెట్టారు. ఆ మీట ఉండటమే చెబుతోంది, ఒక కంపెనీ దయ ఒక్కటే చాలదని.

దానిమీద ప్రభుత్వం ఉంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ మొబైల్ ఒకటి. 2021 జూలైలో అదే ఆట భారతీయ రూపంలో తిరిగి వచ్చింది, 2022 జూలైలో మళ్లీ మాయమైంది, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. దేశ భద్రత, సమాచార గోప్యత వంటి కారణాలను ఎవరూ తేలిగ్గా తీసుకోనక్కర్లేదు. కానీ ఆ ఆటను చూపించి బతికేవారిని ఏ దశలోనూ ఎవరూ సంప్రదించలేదు. వారికి ఆ ఆట మీద హక్కు లేదు కాబట్టి, నష్టపోయామని చెప్పుకోవడానికి చట్టంలో వారికి స్థానమూ లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామన్నది. జూదానికీ క్రీడకూ మధ్య గీత గీసింది. దృశ్యం ఎవరిదన్న ప్రశ్న జోలికి పోలేదు.

ఇదంతా డబ్బు పంపకాల తగువుగా మిగిలిపోతే రాజకీయ పాఠకులు పట్టించుకోనక్కర్లేదు. కానీ తగువు జైలు గడప దాకా వెళ్లింది. 2023 మేలో జపాన్‌లోని మియాగి ప్రాంత పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. స్టైన్స్ గేట్ పరంపరలోని ఒక కథా ప్రధానమైన గేమ్‌ను చివరిదాకా ఆడిన వీడియోను, కొన్ని యానిమేషన్ ధారావాహికల సంక్షిప్త రూపాలను అతను యూట్యూబ్‌లో పెట్టి ఆదాయం పొందాడన్నది ఆరోపణ. ఆ ఏడాది సెప్టెంబరులో సెందాయ్ జిల్లా కోర్టు అతనికి 2 సంవత్సరాల జైలు శిక్ష, 10 లక్షల యెన్‌ల జరిమానా విధించింది. జైలు శిక్ష అమలును 5 సంవత్సరాల పాటు నిలిపివేసింది. గేమ్‌ప్లే వీడియో కోసం జపాన్‌లో జరిగిన తొలి అరెస్టుగా దాన్ని చెప్పుకున్నారు.

ఆ వ్యక్తి చేసింది సమర్థించదగినదేమీ కాదు. కథే ప్రాణమైన ఆటను ముగింపుతో సహా చూపించి డబ్బు చేసుకోవడం విమర్శ కిందికి రాదు. చూడాల్సింది భారతదేశంలో అదే జరిగితే ఏమిటన్నది. మన చట్టంలోని 63వ సెక్షన్ తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చంటుంది. ఈ నేరం పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగినదా కాదా అన్నదానిపై హైకోర్టులు చాలాకాలం భిన్నంగా మాట్లాడాయి. 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఆ సందేహం తీర్చేసింది. వారెంటు అక్కర్లేదు, బెయిలు హక్కుగా రాదు. నకిలీ సరుకు అమ్మే ముఠాలను పట్టుకోవడానికి ఈ ఆయుధం పనికొస్తుంది. ఒక మంత్రిని గేమ్ దృశ్యాలతో వెక్కిరించిన విద్యార్థి మీద ఎవరైనా ఫిర్యాదు ఇప్పిస్తే కూడా ఇదే ఆయుధం పనికొస్తుంది. పరువు నష్టం, రాజద్రోహం వంటి సెక్షన్ల గురించి ఇంత చర్చించే దేశం కాపీరైట్ సెక్షన్‌ను ఆ జాబితాలో చేర్చుకోకపోవడం ఆశ్చర్యం.

అనుమతిని విమర్శకుల మీద కర్రగా వాడటం ఊహ కాదు. 2013లో బ్రిటిష్ గేమ్ విమర్శకుడు జాన్ బెయిన్ 'డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్' అనే ఆటను కడిగిపారేస్తూ సమీక్ష చేశారు. తయారీ సంస్థ కాపీరైట్ ఫిర్యాదుతో ఆ వీడియోను యూట్యూబ్ నుంచి తీయించింది. జనం తిరగబడ్డాక వెనక్కి తగ్గింది. మెచ్చుకుంటే ప్రచారం, తిడితే చౌర్యం అన్న ద్వంద్వనీతి ఆ ఒక్క సంఘటనలో బట్టబయలైంది.

2017 నాటి ఫైర్‌వాచ్ ఉదంతం దీనికంటే చిక్కైనది. ప్రపంచంలోనే అతి పెద్ద యూట్యూబర్లలో ఒకరైన ప్యూడీపై వేరే ఏదో ఆటను ప్రత్యక్ష ప్రసారం చేస్తూ నల్లజాతివారిని అవమానించే మాట అన్నాడు. దాంతో తమకు ఏ సంబంధం లేకపోయినా, ఫైర్‌వాచ్ తయారీదారులైన కాంపో శాంటో సంస్థవారు అంతకుముందు అతను తమ ఆట మీద చేసిన వీడియోను కాపీరైట్ ఫిర్యాదుతో తీయించారు. అంతకుముందు ఎవరైనా తమ ఆటను చూపించుకోవచ్చని చెప్పినవారే వారు. జాతి దురహంకారాన్ని సహించని వారి పట్టుదలను ఎందరో అభినందించారు. అభినందించినవారిలో కొందరికే ఒక సంగతి తట్టింది. ఈ రోజు మంచి కారణంతో లాక్కోగలిగిన అనుమతిని రేపు ఏ కారణంతోనైనా లాక్కోవచ్చు. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న నియమంలో కర్ర పట్టుకున్నవాడు మంచివాడా కాదా అన్నది అదృష్టం మీద ఆధారపడిన విషయం.

ఇదే నియమం భారతీయ వార్తారంగంలోకి కూడా వచ్చింది. 2025 మేలో యూట్యూబర్ మోహక్ మంగల్ ఏఎన్‌ఐ వార్తాసంస్థ మీద బహిరంగ ఆరోపణ చేశారు. తన వీడియోల్లో కొన్ని సెకన్ల దృశ్యాలు వాడినందుకు స్ట్రైకులు వేయించి, వాటిని ఎత్తేయాలంటే లక్షల రూపాయల లైసెన్సు కొనాలన్నారని ఆయన చెప్పారు. తన దృశ్యాలను కాపాడుకోవడం తన చట్టబద్ధమైన హక్కని సంస్థ వాదించింది. పరువు నష్టం దావాతో వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ఎవరిది న్యాయమన్నది కోర్టు తేల్చాలి. కోర్టు తేల్చేలోపే పని ముగించే యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే చాలు.

యూట్యూబ్‌లో 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే చానెల్ పోయే ప్రమాదం ఉంది. ఏళ్ల శ్రమ, పాత వీడియోలన్నీ దానితోపాటే పోతాయి. అభ్యంతరం చెప్పుకోవచ్చు. అలా చెప్పుకోవాలంటే అసలు పేరు, చిరునామా ఇవ్వాలి. అవి ఫిర్యాదుదారు చేతికి వెళతాయి. మారుపేరుతో వ్యంగ్యం రాసే మనిషికి ఇది ఎంత పెద్ద షరతో చెప్పనక్కర్లేదు. ఆపైన ఫిర్యాదుదారు కోర్టుకు వెళ్లాడా లేదా అని 10 పనిదినాలు చూస్తారు. ఈ పద్ధతంతా 1998లో అమెరికా చేసిన డిజిటల్ కాపీరైట్ చట్టం నుంచి వచ్చింది. విజయవాడలోనో కరీంనగర్‌లోనో కూర్చుని తెలుగులో మాట్లాడే మనిషి మాట ఉంటుందా ఊడుతుందా అన్నది మొదట నిర్ణయించేది ఆ అమెరికా చట్టపు నమూనా. భారత చట్టానికి తనదైన పద్ధతి ఉంది. ఫిర్యాదు అందిన 36 గంటల్లో దృశ్యాన్ని ఆపాలి, 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టవచ్చు. నిరాధారమైన బెదిరింపులకు గురైనవారు 60వ సెక్షన్ కింద ఎదురు దావా వేయవచ్చు. డిజిటల్ సార్వభౌమత్వం గురించి సభల్లో ఉపన్యాసాలు దంచే నాయకులెవరూ ఈ సంగతి ఎత్తరు.

విమర్శకులకు మన చట్టంలో అసలు రక్షణ లేదనుకోవడం కూడా తప్పే. 52వ సెక్షన్ వ్యక్తిగత వాడుకకు, విమర్శకు, సమీక్షకు, వర్తమాన వ్యవహారాల నివేదనకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చంటుంది. ఈ సెక్షన్‌కు ప్రాణం పోసిన తీర్పుల్లో ఒకటి పక్కా రాజకీయ వివాదం నుంచే వచ్చింది. తోప్పిల్ భాసి 1952లో రాసిన 'నింగళెన్నె కమ్యూనిస్టాక్కి' నాటకం కేరళలో కమ్యూనిస్టు ఉద్యమాన్ని ఇంటింటికీ చేర్చింది. నలభై ఏళ్ల తర్వాత సివిక్ చంద్రన్ ఆ నాటకంలోని పాత్రలను, సంభాషణలను తీసుకుని, ఆ ఉద్యమం దళితులకు, కూలీలకు ఏమిచ్చిందని నిలదీస్తూ ప్రతినాటకం రాశారు. ప్రదర్శన ఆపాలని హక్కుదారులు కోర్టుకెక్కారు. 1996లో కేరళ హైకోర్టు ప్రతినాటకం వైపు నిలిచింది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు కృతికి పోటీ వస్తుందా అన్న మూడు ప్రశ్నలు వేసి, ఇది దొంగిలించడానికి కాదు, విమర్శించడానికి తీసుకున్నదని తేల్చింది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు మరింత సూటిగా మాట్లాడింది. కాపీరైట్ దైవదత్తమైన సహజ హక్కేమీ కాదన్నది దాని సారాంశం.

ఈ మూడు ప్రశ్నలను గేమ్ వీడియోలకు వేస్తే చాలా చిక్కులు విడిపోతాయి. రెండు నిమిషాల దృశ్యం చూపించి ఆటలోని లోపాన్ని ఎత్తిచూపినవారు సురక్షితం. కథను మొదటి నుంచి చివరిదాకా మౌనంగా చూపించినవారికి రక్షణ దొరకదు. ఈ రెంటి మధ్య ఉన్న విశాలమైన మైదానమే సమస్య. ఆడుతూ కబుర్లు చెప్పేవారు, దృశ్యాలను కత్తిరించి వ్యంగ్యం అల్లేవారు, ఆటలోనే నాటకం ఆడేవారు ఆ మైదానంలో ఉన్నారు. అమెరికా చట్టంలోని న్యాయ వినియోగం కొలతబద్దల వంటిది, కొత్త రూపాలను కూడా కొలవగలదు. మన చట్టంలోనిది జాబితా. జాబితాలో వ్యంగ్యం, పేరడీ అన్న మాటలే లేవు. వాటిని విమర్శ అన్న మాటలో ఇరికించి బయటపడాలి.

ఈ మైదానం ఎందుకు ముఖ్యమో యుద్ధం వచ్చినప్పుడు తెలుస్తుంది. 2011లో బ్రిటన్‌లోని ఐటీవీ తన డాక్యుమెంటరీలో ఆర్మా 2 అనే యుద్ధ క్రీడ దృశ్యాన్ని ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్‌ఏ) అసలు వీడియోగా చూపించింది. ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ దాన్ని తప్పుపట్టింది. 2021 సెప్టెంబరులో అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయ మీద పాకిస్తాన్ వైమానిక దాడి అంటూ కొన్ని భారతీయ టీవీ చానెళ్లు ప్రసారం చేసినది ఆర్మా 3 ఆటలోని దృశ్యమని తేలింది. ఉక్రెయిన్ యుద్ధం పేరుతో ఇలాంటివి వెల్లువెత్తడంతో 2022 నవంబరులో తయారీ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ స్వయంగా ముందుకొచ్చి, తమ ఆట దృశ్యాలను నిజమైన యుద్ధ దృశ్యాల నుంచి ఎలా వేరు చేయాలో వివరించింది. 2025 మేలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఘర్షణ జరిగిన ఆ కొద్ది రాత్రుల్లో గేమ్ దృశ్యాలే యుద్ధ వార్తలుగా సరిహద్దుకు ఇరువైపులా ఫోన్లలో తిరిగాయి.

గేమ్ దృశ్యాన్ని పంచుకోవడానికి అనుమతి ఇంత సులువుగా ఉండబట్టే ఈ అనర్థం అనేవారు ఉంటారు. నిజానికి అబద్ధాలు వ్యాపింపజేసేవారు అనుమతి అడగరు, వారికి చానెల్ పోతుందన్న భయం కూడా ఉండదు. అబద్ధాన్ని బయటపెట్టే నిజనిర్ధారకులకే అసలు ఆట దృశ్యాన్నీ ప్రచారంలో ఉన్న దృశ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాల్సిన అవసరం ఉంటుంది. హక్కుదారు కోపగించి తీయిస్తే పోయేది వారి వీడియోయే. అబద్ధం మాత్రం వాట్సాప్‌లో చక్కగా బతుకుతుంది. ఇక ఇలాంటి సందర్భంలో టీవీ చానెల్ కొన్ని సెకన్లు వాడుకుంటే వార్త, యూట్యూబర్ వాడుకుంటే ఉల్లంఘన అన్న తేడా చట్టంలో లేదు. ఆచరణలో మాత్రం న్యాయవాదిని పెట్టుకోగలిగినవారికీ లేనివారికీ మధ్య ఆ తేడా కనిపిస్తుంది.

తయారీదారుల బాధను పక్కకు నెట్టి ఈ మాటలన్నీ చెప్పడం అన్యాయం. క్యాన్సర్‌తో పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ అనుభవాన్నే ఆటగా మలిచి 2016లో 'దట్ డ్రాగన్, క్యాన్సర్' పేరుతో విడుదల చేశారు. లక్షలాది మంది దాన్ని యూట్యూబ్‌లో చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. కొన్నవారు తక్కువ. పూర్తి ఆటను చూపించిన వీడియోలు తమ జీవనాధారాన్ని దెబ్బతీశాయని తయారీదారులు బహిరంగంగా రాశారు. దానికి ఎదురుగా 2018లో వచ్చి ఎవరికీ పట్టని 'అమాంగ్ అస్' 2020లో ప్రత్యక్ష ప్రసారాల పుణ్యమా అని ప్రపంచమంతా ఆడింది. ఒకే పద్ధతి ఒకరికి ఉరి, మరొకరికి ఊపిరి. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ బృందం 2020లో 'రాజీ' వంటి ఆటను తెచ్చింది. భారతీయ కథలతో ఆటలు తయారుచేసే ఇలాంటి బృందాలు ఇంకా రావాలంటే వారి పంటకు కంచె ఉండాలి. కంచె వద్దని ఎవరూ అనడం లేదు. కంచె పొలం చుట్టూ ఉండాలి, దారి మీద కాదు.

దారి వదిలి కంచె వేయడం అసాధ్యమేమీ కాదు. కెనడా 2012లోనే తన చట్టాన్ని సవరించి, వ్యాపారం కోసం కాకుండా సామాన్యులు పాత కృతుల నుంచి కొత్తవి తయారుచేసుకుని పంచుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. అసలు కృతి మార్కెట్‌ను గట్టిగా దెబ్బతీయకూడదన్నది షరతు. వ్యంగ్యాన్ని, పేరడీని అదే సవరణలో చేర్చింది. బ్రిటన్ 2014లో పేరడీకి చోటిచ్చింది. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన కాపీరైట్ ఆదేశం విమర్శ, ఉల్లేఖన, వ్యంగ్య చిత్రణ, పేరడీలు చేసే వినియోగదారులకు వేదికల మీద రక్షణ ఉండి తీరాలని సభ్యదేశాలకు చెప్పింది. ఈ దేశాలేవీ కాపీరైట్ విలువ తెలియనివి కావు.

భారత్‌లో చేయాల్సింది కూడా చిన్న జాబితాయే. 52వ సెక్షన్‌లో వ్యంగ్యానికి, పేరడీకి, వ్యాపారేతర పునఃసృష్టికి పేరు పెట్టి చోటివ్వాలి. విమర్శ, వార్త విషయంలో 63వ సెక్షన్ కింద అరెస్టుకు ముందు మేజిస్ట్రేటు అనుమతి తప్పనిసరి చేయాలి. దేశంలో పనిచేసే వేదికలు భారతీయుల మధ్య తగవుల్లో భారత చట్టంలోని 36 గంటలు, 21 రోజుల పద్ధతినే పాటించేలా చూడాలి. తప్పుడు ఫిర్యాదు చేసినవారు నష్టపరిహారం చెల్లించాలి. కంపెనీ ఒకసారి బహిరంగంగా ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవాలంటే ముందస్తు గడువు ఇవ్వాలి, గడువుకు ముందు పెట్టిన వీడియోల జోలికి రాకూడదు. కోతకొచ్చిన పంటను వదిలి వెళ్లమనే అధికారం ఏ ఆసామికీ ఉండకూడదు.

గేమర్లతో ఫొటో దిగడానికి అన్ని పార్టీల నాయకులకూ ఉత్సాహమే. ఆ యువకులు తమ భవిష్యత్ ఓటర్లని వారికి తెలుసు. వారి మాటకు ఆధారమైన నేల వారిది కాదని మాత్రం తెలియదు, లేదా తెలిసినా అక్కర్లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ప్రజాస్వామ్యంలో అడగాల్సింది ఆసామిని కాదు, చట్టసభను. కంపెనీల దయతో నడిచే మాట మెచ్చుకోలుగానే మిగులుతుంది. ఒప్పుకోని మాట అనాల్సిన రోజు వచ్చినప్పుడు దయ పనికిరాదు, హక్కు కావాలి.